మబ్బులు పట్టే పెట్టె

ఎమ్మిగనూరు,
3-4-1955.

బావ సిద్దప్పకు, నీ బామ్మర్ది శేషన్న మొక్కి రాసేది. సుంకులమ్మక్కకు నా దండాలు. మేమంతా బాగుండాము. ఎంత బాగుండామంటే, సంతోషం కార్డులో పట్టక కవరు కొన్నాను.

మా పిల్లోడు బజారి జాబు రాసినాడు బావా! నీ ఇంట్లో కూర్చుని రాసిందే, నువ్వు చూసే ఉంటావు. చూడలేదేమోనని నేనే మళ్ళీ చెప్తాండాను. ఫోటో స్టూడియో జిలాని బాషా దగ్గర సినిమా తీసే పెట్టె ఒకటి ఉందంట. దేశం విడిచిపోయే దొర ఎవరో ఆయనకు ఇచ్చి పోయినాడంట. దాన్ని మావాని చేతికిచ్చినాడు! అందరికీ ఇస్తాడా? మావానికి ఇచ్చినాడు!

వాడు దాంతో మనుషుల్ని పట్టడంలేదు. నీ మిద్దె మీద పెట్టి కోట కొండనూ ఆకాశాన్నీ పడుతున్నాడంట. ఒక బొమ్మ తీసి కొంచెం సేపు ఆగుతాడు. మళ్ళీ ఒక బొమ్మ తీసి మళ్ళీ ఆగుతాడు. పొద్దు పుట్టిన కాడ్నించి పొద్దు మునిగేదాకా అంతే. ఆ బొమ్మలన్నీ వరసపెట్టి మిషన్లో తిప్పితే, మనం అన్నం తిని చెయ్యి కడుక్కునేంతలో ఒక దినమంతా అయిపోతుందంట. మబ్బులు పరిగెత్తుతాయంట. కొండ నీడ పిల్లి మాదిరి నడిచిపోతుందంట.

నాకు నాలుగో తరగతి చదువే అయినా, ఇది మాత్రం గబుక్కున అర్థమయింది. మగ్గంలో నాడె ఇట్ల ఒకసారి, అట్ల ఒకసారి పోతాది. ఒక్కో పోగును చూస్తే ఏముంది? ఏమీ లేదు. దింపి పరిస్తే చీర! మావాడు ఆకాశాన్ని నేస్తున్నాడు బావా. ఈ మాట వీధిలో ఇంటింటికీ పోయి చెప్పొచ్చినాను. కొందరికి రెండుసార్లు చెప్పినాను.

పత్తి మండీ లెక్కలు నేర్చుకోమని వాణ్ణి నీ దగ్గరికి పంపిన మాట నిజమే. నేర్చుకుంటాడు. నడుమ నడుమ ఆ మబ్బుల్ని కూడా పట్టుకోనీ. కోప్పడొద్దు.

నీ బామ్మర్ది,
శేషన్న


ఆదోని,
9-4-1955.

బామ్మర్ది శేషన్నకు.

నీ కవరు అందింది. స్టాంపు దండగ.

నీ కొడుకు ఆకాశాన్ని నేస్తున్నాడో, నా పరువును ఊడదీస్తున్నాడో వచ్చి చూసుకో. పొద్దున్నే మూడుకాళ్ళ గుర్రం లాంటి స్టాండొకటి మిద్దె మీదికి ఎక్కిస్తాడు. దాని నెత్తిన పెట్టె. పెట్టెకు ఎండ తగలకూడదని నా గొడుగు. నా నెత్తికి గొడుగు లేదు, పెట్టెకుంది! ఇక టిక్కుమని ఒక మీట నొక్కుతాడు, గమ్మునుంటాడు. మళ్ళీ టిక్కు. మళ్ళీ గమ్ము. ఆరబోసిన మిరపకాయల్ని కోతి ఎత్తుకపోతాంటే, "ఒరే, తరమరా!" అని మీ అక్క కింద నుంచి అరిచింది. "కదిలితే బొమ్మ చెడిపోతాది అత్తా" అన్నాడంట. కోతి ముందు, నీ కొడుకు వెనక! ఏది కోతో నాకైతే తెలీలేదు.

నన్ను చూడు. అరవై ఏడేళ్ళొచ్చినాయి. పొద్దున మండీకి పోతే, దీపాలు పెట్టేదాకా కూర్చునే తీరిక లేదు. బండ్లు రావాల, పత్తి దింపాల, కాటా చూడాల, రైతుల్తో అరవాల. ఒంటిచేత్తో ఈదుతున్నాను. నాకు కొడుకుల్లేరు, అల్లుళ్ళు వాళ్ళ ఊర్లలో వాళ్ళున్నారు, కాబట్టే నీ కొడుకును రమ్మన్నాను. వాడు కుదురుగా గుమాస్తా గద్దె మీద కూర్చుంటే, నా తరవాత మండీ వానిదే కదా. మబ్బులు పట్టుకుని ఏం చేస్తాడు? కాటాలో పెట్టి తూచుతాడా?

ఆ పెట్టె బాషాకు తిరిగిచ్చి మండీకి రమ్మని వానికి రాయి.

సిద్దప్ప

తా.క. మీ అక్క బాగుంది. వాడెక్కేందుకు నిచ్చెన పట్టుకునేది ఆమే.


ఎమ్మిగనూరు,
15-4-1955.

బావకు శేషన్న రాసేది.

నువ్వు తిట్టిన జాబును మూడుసార్లు చదివినాను. కదిలితే బొమ్మ చెడిపోతుందని కోతిని కూడా వదిలేసినాడా! ఎంత శ్రద్ధ బావా వానిది! చదివినవాళ్ళందరూ అదే అన్నారు. చదవనివాళ్ళకు నేను చదివి వినిపించినాను.

బావా, ఒక మాట చెప్తాను, నవ్వొద్దు. నేను పదేళ్ళప్పుడు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టినాను. గుంటలో కూర్చున్నోనికి ఆకాశం ఎంతుంటుందో నాకు తెలుసు. కిటికీ అంత ఉంటుంది. మబ్బొస్తే దాని మొకం చూస్తాము, తోక చూడము. బజారి చిన్నప్పుడు నా పక్కన నూలు కండెలు చుట్టుతూ, "నాయినా, ఆ మబ్బు యాడికి పోయింది?" అని అడిగేవాడు. "గోడ ఎనక్కిరా" అనేవాణ్ణి. గోడ ఎనక ఏముందో వాడిప్పుడు చూడబోతున్నాడు. నాక్కూడా చూపిస్తానన్నాడు. నేనెట్ల వద్దని రాసేది? చెయ్యాడలేదు బావా.

నీ మాటా తీసెయ్యను. నువ్వు పెద్దోడివి. కాబట్టి ఒక పందెం. వాడు ఒక్క రీలు తీస్తాడు. ఈ నెల నేను దింపిన చీరల దుడ్డంతా ఆ రీలుకే పోయింది, అది వేరే మాట. రీలును బొంబాయికి పంపి కడిగించి తెప్పిస్తారంట. అది వచ్చినాక నువ్వే చూడు. చూసి, నీ నోటితో నువ్వు "బాగుంది" అంటే, వాణ్ణి వదిలెయ్యి, పెట్టె వెనక పోనీ. అనకపోతే నేనే బస్సెక్కి వచ్చి, వాణ్ణి నీ మండీ గద్దె మీద కూర్చోబెట్టి పోతాను. మళ్ళీ మబ్బుల మాట ఎత్తితే అడుగు.

వానికీ ఇదే రాసినాను. సరే అన్నాడు.

ఇట్లు, ఒప్పుకుంటావనే సంతోషంతో,
శేషన్న


ఆదోని,
24-5-1955.

శేషన్నా,

పందెం ఒప్పుకున్నాను. "బాగుంది" అని నేను పెండ్లి భోజనానికే అనలేదు, నీ అక్కనడుగు.

మొన్న మండీ నిండా బండ్లు వచ్చిన రోజు చూసి నీ కొడుకు ఆ రీలు తీసినాడు. ఈసారి కొండా ఆకాశమే కాకుండా, కింద మా మండీ మైదానం కూడా పడేటట్టు పెట్టెను వంచినాడంట. మాడు పగిలే ఎండ. నడుమ మబ్బులు. పొద్దున్నించీ మిద్దె మీద మొద్దు మాదిరి కూర్చున్నాడు. వాడు అట్ల సోమరిగా కూర్చున్న దినమే నేను ఇక్కడ గానుగెద్దు మాదిరి తిరిగినాను. పక్క మండీ అయ్యన్న సెట్టి కూడా కొత్త తలపాగా చుట్టుకుని, ఆ పెట్టెలో పడాలని ఎండలో అటూ ఇటూ తిరిగినాడు. నాకు అటువంటి చాపల్యం లేదు. మనం పనిమంతులం.

రీలు బొంబాయికి పోయింది. వచ్చినాక చూస్తాను. నా జవాబు ఇప్పుడే నీకు తెలిసి ఉంటుంది. వానికి గద్దె మీద కొత్త దిండు కుట్టించినాను.

సిద్దప్ప


ఎమ్మిగనూరు,
11-7-1955.

నా బంగారు బావకు!

వచ్చింది! రీలు వచ్చింది! చూసినాము! నువ్వు రాకపోతివే! పనుందని కబురు పంపితివే! కూర్చోలేక నిలబడే రాస్తాండాను, అక్షరాలు వంకరపోతే మన్నించు.

జిలాని బాషా, బజారి మిషను ఎత్తుకుని బస్సులో వచ్చినారు. ఊరి బయట డేరా సినిమా వాళ్ళ కరెంటు ఇంజనుకు దాన్ని తగిలించినారు. డేరాలో కట్టే తెల్లగుడ్డ నేనే నేసినాను. పొద్దు గూకీ గూకంగానే నేతగాళ్ళ వీధంతా వచ్చి కూర్చుంది. ముసలోళ్ళు, చంటిబిడ్డల తల్లులు, ఎప్పుడూ మగ్గం దిగనోళ్ళు కూడా వచ్చినారు.

మొదట కోట కొండ. చీకటి. అట్లే చూస్తాంటే తెల్లవారింది! కోడి కూయకుండానే! కొండ వెనక నుంచి మబ్బులు లేచినాయి బావా, పొయ్యి మీద పాలు పొంగినట్ల పొంగి, కొండ మీద నుంచి ఒలికి, మన నెత్తుల మీదికే వస్తున్నట్ల వచ్చినాయి. ముందు వరసోళ్ళు తలలు వంచినారు. ఒక మబ్బు పుట్టింది, పెరిగింది, ముసలిదయింది, పోయింది. మొకమూ చూసినాను, తోకా చూసినాను! నా కొడుకు గోడ తీసేసినాడు బావా! నేను ఏడ్చినాను. ఏడుస్తాంటే కనపడదని ఏడుపు ఆపి చూసినాను.

కింద మీ మండీ. ఒట్టి మైదానం. చీమలు వచ్చినట్ల బండ్లు వచ్చినాయి. తెల్లని పత్తి బోరాల గుట్టలు నేల లోంచి ఉబికినట్ల లేచినాయి, మళ్ళీ మంచు మాదిరి కరిగిపోయినాయి. మనుషులు? ఒక్కరూ కంటికి ఆనడంలేదు! ఇట్ల కనపడి అట్ల మాయం. మొకమే తెలీదు.

ఒక్కరు తప్ప. బావా, నువ్వు!

పడమటి పక్క బోరాల మీద పడుకున్నావు. పంచె, చొక్కా, చెవి మీద పెన్సిలు, అన్నీ ఎంత స్పష్టంగా ఉన్నాయో! లోకమంతా ఉరుకుతాంది, నువ్వు మాత్రం కొండతో సమానం. ఎండ నీ కాళ్ళ మీదికి వచ్చింది, కడుపు మీదికి ఎక్కింది, మొకం మీద నుంచి దిగిపోయింది. నువ్వు కదల్లేదు. కుక్క ఒకటి వచ్చి నీ పక్కన పడుకుంది. అది కూడా నిద్ర చాలని లేచిపోయింది. నువ్వు లేవలేదు. నీ చుట్టూ ఉన్న బోరాలన్నీ ఎత్తుకపోయినారు, నీ కింద ఉన్నవి మాత్రం ఎత్తలేక వదిలేసినారు. మా ఎదురింటి హనుమంతమ్మ, "అయ్యో, సిద్దప్ప పోయినాడా! మాకెవరూ చెప్పకపోతిరే!" అని శోకం ఎత్తుకుంది. "లేదు పెద్దమ్మా, నిద్రపోతున్నాడు" అని చెప్పి ఊరడించినాము. అప్పుడు నువ్వు ఒక్కసారి అటు పక్క నుంచి ఇటు పక్కకు తిరిగినావు. డేరా అదిరిపోయేటట్టు చప్పట్లు కొట్టినారు బావా! ఇంకోసారి వెయ్యమన్నారు. నాలుగుసార్లు వేసినాము.

"ఎవరాయన?" అని తెలీనివాళ్ళు అడుగుతాంటే, "మా బావ!" అని నేను ఎంత గర్వంగా చెప్పుకున్నానో!

ఇంక నువ్వు చూడటమే మిగిలింది. చూస్తే నీ నోట "బాగుంది" తప్ప ఇంకో మాట వస్తుందా?

ఆనందం పట్టలేని,
శేషన్న


ఆదోని,
14-7-1955.

శేషన్నా,

అది నేను కాను. ఎవరో బిచ్చగాడు పడుకోనుంటాడు.

ఆ రీలు నేను చూసేది లేదు. చూడకుండా "బాగుంది" అనేది అసలే లేదు. పందెం ప్రకారం నీ కొడుకు సోమవారం పొద్దున మండీకి రావాల. రీలును పొయ్యిలో పెట్టి రావాల. నువ్వు కూడా ఊర్లో నోరు మూసుకోవాల.

దిండు గద్దె మీదే ఉంది.

సిద్దప్ప


ఆదోని,
25-7-1955.

తమ్ముడు శేషన్నకు సుంకులమ్మక్క దీవెనలు. నాకు రాయను రాదని నీకు తెలుసు. నేను చెప్తాంటే, జిలాని బాషా కూతురు జమీలా రాస్తాంది. ఆ పిల్ల నవ్వులో సిరా ఒలకబోసింది, ఆ మరక చూసి ఏమో అనుకోవద్దు.

బజారి వారం దినాలుగా మండీలో కూర్చుంటున్నాడు. మాట మీద నిలబడినాడు, పాపం. రీలును మాత్రం కాల్చలేదు. బాషా దాచిపెట్టినాడు. వాడు అన్నం సరిగా తినడంలేదు. ఉగ్గాని చేసి పెట్టినా గెలికి వదిలేస్తున్నాడు. ఆకాశం వైపు చూడకూడదని తల వంచుకుని నడుస్తున్నాడు. నాకే ఏడుపొచ్చింది.

నిన్న ఏమయిందంటే, మీ ఊర్లో వేసిన రీలు మాట ఎట్లనో ఇక్కడికి పొక్కింది. మండీ వాళ్ళంతా, "మేము పడినాము కదా, మాకు చూపించరా?" అని బాషా మీద పడినారు. సాయంత్రం మిల్లు గోడ మీద వేసినారు. మీ బావకు తెలిసి, ఆపాలని చేతికర్ర ఎత్తుకుని ఉరికినాడు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఎనకాలే పోయినాను. మేము పోయేసరికే మొదలయింది.

అయ్యన్న సెట్టి ముందు వరసలో కూర్చుని, "ఇప్పుడొస్తా చూడండి, ఇప్పుడొస్తా!" అంటాండాడు. రాలేదు. "అరే, నేను దినమంతా ఆడనే తిరిగితినే! నా తలపాగా యాడ?" అని లేచినాడు. "ఇప్పుడే పోయినావు సెట్టీ!" అన్నారు ఎవరో. "మళ్ళీ తిప్పండి!" అన్నాడు. తిప్పినారు. మళ్ళీ పోయినాడు. అందరూ వాళ్ళను వాళ్ళే వెతుక్కుంటున్నారు. ఒక్కరూ దొరకలేదు. అందరి నడుమ మీ బావ, గుళ్ళో దేవుని మాదిరి, పడుకోనున్నాడు.

జనం వెనక్కి తిరిగి చూస్తే, ఆ మనిషే కర్ర పట్టుకుని నిలబడినాడు. మొకంలో నెత్తురు చుక్క లేదు. ఇంక మానం పోయిందని నేను చీర చెంగు మొకానికి అడ్డం పెట్టుకున్నాను.

అప్పుడు అయ్యన్న సెట్టి చెయ్యి చూపించి అరిచినాడు. "మోసం! సిద్దప్పకు ముందే తెలుసు! కదలకుండా ఉన్నోడే కనపడతాడని వాళ్ళ పిల్లోడు చెప్పింటాడు! కావాలనే పడుకున్నాడు! మాకు చెప్పకుండా మమ్మల్ని ఎండలో తిప్పినాడు!"

మీ బావ సెట్టి వైపు చూసినాడు తమ్ముడా. కర్ర కింద పెట్టినాడు. మీసం సర్దుకున్నాడు. "మరేమనుకుంటివి సెట్టీ? కళ అంటే ఊరికే వస్తుందా? కదలకుండా ఉండేది ఎంత కష్టమో నీకేం తెలుసు?" అన్నాడు.

"అయితే మీరు నిద్రపోలేదా?" అని ఎవరో అడిగినారు.

"కండ్లు మూసుకున్నాను, అంతే. పిల్లోని పనికి మనం సాయం చెయ్యకపోతే ఎవరు చేస్తారు?"

బజారి నోరు తెరుచుకుని చూస్తాండాడు. అందరూ మీ బావ చుట్టూ మూగినారు. అప్పుడు నేనే అందరూ వినేటట్టు గట్టిగా అడిగినాను. "అయితే రీలు ఎట్లుంది?"

ఇంకేమంటాడు? నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో మొదటిసారి విన్నాను. ఏమన్నాడో ఆయన్నే రాయనీ, ఆ సుఖం నేనెందుకు తీసుకోవాల?

నీ అక్క,
సుంకులమ్మ


ఆదోని,
2-8-1955.

బామ్మర్ది శేషన్నకు దీవెనలు.

ఊర్లో పెద్దలు బలవంతం చేస్తే నీ కొడుకు రీలు చూసినాను. ఆకాశం కొంచెం తొందరగా పోతాంది. బండ్లెద్దులు చిన్నగా ఉన్నాయి. మొత్తం మీద బాగుంది.

నేను మొదటి నుంచీ వాణ్ణి ప్రోత్సహిస్తూనే ఉన్నానని నీకు తెలుసు. గొడుగు ఎవరిది? మిద్దె ఎవరిది? ఆ దినం ఈగలు ముసురుతున్నా, ఎండ కాలుస్తున్నా, బోరాల మీద కదలకుండా పడుకుని వాని పనికి ప్రాణం పోసింది ఎవరు? ఎమ్మిగనూరులో ఎవరైనా నిద్ర అంటే, ఈ జాబు చదివి వినిపించు.

అయితే ఒక చిక్కొచ్చింది. వచ్చే పత్తి కాలానికి బోరాల మీద పడుకోవడానికి ఇప్పట్నించే చోట్లు చెప్పుకుంటున్నారు. అయ్యన్న సెట్టి ఎత్తుగా ఉండే గుట్ట తనదే అంటాడు. కాటా తూచేవాడు కాటాలోనే పడుకుంటానంటాడు. హమాలీలు సంఘం పెట్టి, అందరమూ పడుకుంటామన్నారు. ఇంక పత్తి ఎత్తేదెవరు? రైతులెవరితో మాట్లాడాల? నా మండీ మూతపడుతుంది!

కాబట్టి, నీకు చేతులెత్తి మొక్కుతాను, నీ కొడుకును మండీ చుట్టుపక్కలకు రానీయొద్దు. గద్దె మీద నేనే కూర్చుంటాను. వాడు పెట్టె పట్టుకుని ఏ కొండకైనా పోనీ, ఏ జాతరకైనా పోనీ. బస్సు ఛార్జీ నేనిస్తాను.

సిద్దప్ప


ఎమ్మిగనూరు,
6-8-1955.

బావా! బావా! బావా!

నీ జాబు చదివి, వీధిలో అందరికీ వినిపించినాను. నిద్ర కాదని అందరూ ఒప్పుకున్నారు. హనుమంతమ్మ మాత్రం ఆలోచిస్తానంది.

బజారి నిన్న ఇంటికొచ్చినాడు. తల పైకెత్తి నడుస్తున్నాడు. వచ్చీ రాంగానే రెండు జొన్నరొట్టెలు తిని, "నాయినా, ఈ శ్రావణంలోనే ఉరుకుంద జాతరకు పోదాం. ఈరన్న తేరూ, బస్సులూ, జనమూ, పైన వానాకాలపు మబ్బులూ, అన్నీ ఒక్క రీల్లో పట్టేస్తాను" అన్నాడు. బాషా పెట్టె వానికే ఇచ్చేసినాడు. నేను మగ్గానికి గుడ్డ కప్పి, వాని వెంట పోతాండాను. గొడుగు పట్టేది ఇంక నేనే.

పోయేముందు వానితో అన్నాను, "ఒరే, మీ మామ మాదిరి నేను కూడా కనపడాల. గుడి ముందర రాయి మాదిరి నిలబడతాను, ఉసుళ్ళు ముసిరినా కదలను" అని. పరీక్షకు మన వాకిట్లోనే నిలబెట్టి చూసినాడు. వాడు పెట్టె వైపు వంగగానే నాకు నవ్వొచ్చింది. మళ్ళీ నిలబడినాను. దారిన పోయేవాళ్ళకు, "చూడప్పా, మావాడు!" అని చెయ్యెత్తినాను. మూడోసారి వాడే దండం పెట్టి, "నీ వల్ల కాదులే నాయినా" అన్నాడు.

నిజమే బావా. కాళ్ళు నిలవడంలేదు. ఆ ఉరుకుంద రీలు నీ కాడికొచ్చి, అందులో ఎంత వెతికినా నేను కనపడకపోతే, ఏమో అయిందని శోకాలు పెట్టొద్దు. ఎగురుతాండానని అనుకో.

శేషన్న